ఏళ్ల తరబడి నడిచే సూపర్‌హీరో కామిక్స్‌ను ఒక్క సరదా కథతో మొదలుపెట్టడం ఎలా?

స్పైడర్‌మ్యాన్ సినిమాలు చూసి, కామిక్స్ కూడా చదువుదామనుకున్న చాలామంది గుమ్మం దగ్గరే ఆగిపోతారు. 1962లో పుట్టిన పాత్ర. అప్పటినుంచి కథలు వస్తూనే ఉన్నాయి. ఇవన్నీ ఎప్పటికి చదవాలి అని టెన్షన్ పడతారు.

అన్నీ చదవక్కర్లేదు. చందమామలో బేతాళ కథలు గుర్తు చేసుకోండి. ఏ నెల సంచిక చేతికొచ్చినా విక్రమార్కుడు చెట్టు దగ్గరికి వెళ్లేవాడు, శవాన్ని భుజాన వేసుకునేవాడు, బేతాళుడు కథ మొదలుపెట్టేవాడు. ముందు నెల కథ తెలియలేదన్న లోటే ఉండేది కాదు. సూపర్‌హీరో కామిక్స్‌లోనూ అలా ఒక్క సంచికలో మొదలై అందులోనే ముగిసే కథలు ఉంటాయి. వాటితో మొదలుపెట్టడం మేలని నా గట్టి నమ్మకం.

1. ఒకటో నంబరు వెంట పడకండి

'అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' 1వ సంచిక 1963లో వచ్చింది. 1999లో మళ్లీ 1 నుంచి లెక్క మొదలుపెట్టారు. 2014, 2015, 2018, 2022లో కూడా అంతే. కాబట్టి అట్ట మీద 1 అని ఉన్నంత మాత్రాన కథ అక్కడ మొదలవుతుందనుకోకండి. నంబరుతో పాటు సంవత్సరం కూడా చూడండి.

2. విడి కథను గుర్తుపట్టండి

అట్ట మీద 'ఆరింటిలో రెండో భాగం' లాంటి మాట ఉంటే పక్కన పెట్టేయండి. చివరి పేజీ ఒకసారి చూడండి. హీరో ప్రమాదంలో ఉండగా 'సశేషం' అని ఆపేశారా, గొడవ తేలిపోయిందా? వచ్చే నెల కథ గురించి ఒక చిన్న ప్రకటన మాత్రమే ఉంటే ఫర్వాలేదు, పాత కామిక్స్‌లో అది మామూలే.

ఇద్దరు హీరోలు కలిసి కనిపించే సంచికల్లో ఇలాంటి కథలు ఎక్కువగా దొరుకుతాయి. 1972 నుంచి 1985 వరకు 150 సంచికలు వచ్చిన 'మార్వెల్ టీమ్-అప్' ఆ పద్ధతిలో నడిచిందే. స్పైడర్‌మ్యాన్ పక్కన తరచూ కొత్త తోడు కనిపిస్తుంటాడు.

3. దీన్ని మొదట చదవండి

'మార్వెల్ టీమ్-అప్' 1వ సంచిక. రచన రాయ్ థామస్, బొమ్మలు రాస్ ఆండ్రూ. అట్ట మీద 1972 మార్చి అని ఉంటుంది, కథ మాత్రం క్రిస్మస్ రోజులది. ఆ కాలంలో అమెరికా కామిక్స్ అట్ట మీద తేదీకి కొన్ని నెలల ముందే దుకాణాలకు వచ్చేవి, అందుకే ఈ తేడా.

చలికాలపు న్యూయార్క్. ఒళ్లు ఇసుకగా మారిపోయే దొంగ శాండ్‌మ్యాన్ మళ్లీ తిరుగుతున్నాడు. స్పైడర్‌మ్యాన్, ఒళ్లంతా మంటగా మార్చుకుని ఎగిరే హ్యూమన్ టార్చ్ కలిసి అతని వెంట పడతారు. ఈ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి చురచుర. దారి పొడవునా మాటలు విసురుకుంటూనే ఉంటారు. తీరా చూస్తే శాండ్‌మ్యాన్ బయల్దేరింది పండగ పూట తల్లిని చూడటానికి. కొడుకు దొంగ అని ఆమెకు తెలియదు. ఒక్కసారి చూసి వస్తానని అతను అడుగుతాడు. వీళ్లిద్దరూ ఏం చేయాలి? తరవాతిది మీరే చదవండి.

ఇందులో లోకం మునిగిపోయే ప్రమాదమేమీ లేదు. అందుకే హీరో స్వభావం బాగా కనిపిస్తుంది. ఊరంతా కూలిపోతున్నప్పుడు ఎవరైనా పరుగెత్తుతారు. దొంగ అయినా ఒక కొడుకు తల్లిని చూస్తానంటే హీరో ఏం చేస్తాడన్న దగ్గరే ఆ మనిషి తెలుస్తాడు.

4. ముందు తెలియాల్సింది చాలా తక్కువ

స్పైడర్‌మ్యాన్ అసలు పేరు పీటర్ పార్కర్. ఫొటోలు తీసి పత్రికకు అమ్ముకుంటాడు. మే పిన్ని అతన్ని పెంచింది. హ్యూమన్ టార్చ్ పేరు జానీ స్టార్మ్, ఫెంటాస్టిక్ ఫోర్ అనే నలుగురి జట్టులో చిన్నవాడు. ఇంతే. ఇంకా నేర్చుకుని వస్తామని కూర్చుంటే అసలు కథకు రారు.

5. చదివే పద్ధతి

ప్యానెళ్లను, అంటే బొమ్మల గడులను, ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి చదవాలి. ఒకే ప్యానెల్‌లో రెండు మాటల బుడగలుంటే పైనున్నది ముందు. మబ్బులా ఉన్న బుడగలో రాసింది మనసులో అనుకునేది.

పాత సంచికల్లో ఒక మాట పక్కన నక్షత్రం గుర్తు (*), కింద చిన్న పెట్టెలో 'ఫలానా సంచికలో చూడండి' అని ఎడిటర్ మాట ఉంటుంది. కొత్తవాళ్లు అక్కడే చిక్కుకుంటారు. నేనూ మొదట్లో ప్రతి సూచన వెనకా పోయి, చదువుతున్న కథను సగంలో వదిలేసేదాన్ని. వాటిని దాటి వెళ్లండి, కథకు అవసరమైనది పాత్రల మాటల్లోనే వచ్చేస్తుంది.

ఒక సంచిక కథ సుమారు 20 పేజీలే. అయ్యాక మాటలు వదిలేసి బొమ్మలు మాత్రమే చూస్తూ ఇంకోసారి తిరగేయండి. కదలికలు మొదటిసారి కన్నా ఎక్కువ కనిపిస్తాయి.

6. ఎక్కడ దొరుకుతాయి?

చందా కడితే మార్వెల్ అన్‌లిమిటెడ్ యాప్‌లో వేలాది పాత సంచికలు చదవొచ్చు. కాగితం మీదే కావాలంటే హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల వరస, విజయవాడ లెనిన్ సెంటర్ దుకాణాలు ఓపిగ్గా వెతకండి. అడిగిన నంబరే దొరకదు, దొరికినదాంట్లో విడి కథ ఏదో 2వ అంచెలో చెప్పినట్టు చూసి తీసుకోండి.

7. ఒకటి నచ్చాక

2005లో డాన్ స్లాట్ రచన, టై టెంపుల్టన్ బొమ్మలతో 'స్పైడర్‌మ్యాన్/హ్యూమన్ టార్చ్' అని 5 సంచికలు వచ్చాయి. ఒక్కో సంచిక వాళ్ల స్నేహంలో ఒక్కో కాలానిది. ఒకదాంట్లో గోడలెక్కే స్పైడర్‌మ్యాన్‌కు కారు కూడా ఉంటుంది! ఆ మొదటి కథ అయ్యాక నేను పిల్లలకైనా పెద్దలకైనా ఇచ్చేది ఇదే. ఐదోది మాత్రం ముందే తెరవకండి, మిగతా నాలుగూ అయ్యాకే చదవండి.