పిల్లి తలుపు బిగిద్దాం – 3వ పాఠం: గీత సరిచూసుకుని కోత

పిల్లి తనంతట తాను వచ్చిపోవడానికి ఇంటి తలుపులో కన్నం గీసి, కోసి, ఊగే రెక్క ఉన్న చట్రాన్ని అందులో బిగించడం మన పని. ఈసారి కోత అని కిందటి పాఠం చివర్లో చెప్పాను. కానీ చాలామంది ఇంకా గీతల దగ్గరే ఆగిపోయి ఉన్నారు. కొందరైతే తప్పు గీత మీదే కోసేశారు. ముందు ఆ లెక్కలు తేల్చుకుందాం. కోతకి ఈ పాఠంలో సగం కంటే తక్కువ చోటే మిగులుతుంది, ఫరవాలేదు. గీత సరిగ్గా ఉంటే కోత అరగంట పని.

మొదట ఎత్తు. పిల్లి మామూలుగా నిలబడి ఉన్నప్పుడు దాని పొట్ట ఎంత ఎత్తులో ఉందో, కన్నం కింది అంచు అంత ఎత్తులో రావాలి. ఎదిగిన పిల్లులకి ఇది సాధారణంగా 10 నుంచి 15 సెంటీమీటర్లు. ఈ కొలత నేల నుంచి తీసుకోవాలి, తలుపు కింది అంచు నుంచి కాదు. తలుపు ఊడదీసి బల్లమీద పడుకోబెట్టి గీసినవాళ్ళు తలుపు కింద ఉండే సందుని మర్చిపోయారు. సందు ఒక సెంటీమీటరే అయితే అలాగే ఉంచేయండి, పిల్లికి తేడా తెలియదు.

అసలు చిక్కు బయటివైపు నేలతో వచ్చింది. కొందరు లోపల 12 సెంటీమీటర్లు చూసుకుని గీశారు. గడప దాటాక బయట మెట్టు 18 సెంటీమీటర్లు దిగుతుంది. అంటే బయట నిలబడ్డ పిల్లికి కన్నం 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. బయటికి దూకడం దానికి కష్టం కాదు. తిరిగి రావడమే కష్టం. పిల్లి రెక్కని తలతో, ముక్కుతో నెట్టి తెరుస్తుంది. అలా నెట్టాలంటే నాలుగు కాళ్ళూ నేలమీద ఆని ఉండాలి. వెనక కాళ్ళమీద లేచి ముందు పంజాతో రెక్కని గోకే పిల్లి కొన్నాళ్ళకి విసిగిపోయి తలుపు దగ్గర కూర్చుని అరుస్తుంది. అప్పుడు యజమానులు పిల్లికి నేర్పడం రాలేదనుకుంటారు. పిల్లికి అన్నీ వచ్చు, నిలబడటానికే చోటు లేదు.

దీనికోసం గీతని కిందికి జరపకండి. బయట ఒక మెట్టు పెట్టండి. మెట్టు పైభాగం కన్నం కింది అంచుకి 10–15 సెంటీమీటర్ల కింద ఉండాలి. తలుపు నుంచి బయటికి పిల్లి పొడుగంతా పట్టేంత లోతు ఉండాలి, అంటే కనీసం 40 సెంటీమీటర్లు. అది కదలకూడదు. చెక్కపెట్టె అయితే నేలకి బిగించండి, ఇటుకలైతే సిమెంటుతో కట్టండి. ఒక్కసారి మెట్టు ఊగిందంటే పిల్లి మళ్ళీ దానిమీద కాలు పెట్టదు. ముసలి పిల్లి, కీళ్ళ నొప్పులున్న పిల్లి ఉన్న ఇంట్లో లోపలివైపు కూడా చిన్న మెట్టు వేయండి.

రెండోది ప్యానెల్ తలుపులు, అంటే పట్టీల చట్రంలో పలకలు దిగేసిన తలుపులు. కింది అడ్డపట్టీ 20 సెంటీమీటర్ల వెడల్పుంది, పొట్ట ఎత్తు 12 వచ్చింది, పట్టీని కోయొచ్చా అన్నది మీ ప్రశ్న. కోయొద్దు. ఆ అడ్డపట్టీ చివర్లు రెండు పక్కలా నిలువు పట్టీల్లోకి దిగి ఉంటాయి. తలుపు బరువుకి చట్రం వంకరపోకుండా పట్టుకునేది ఆ జోడింపే. మధ్యలో సగం వెడల్పు తీసేస్తే తలుపు వెంటనే ఊడిపోదు కానీ, కొన్ని వానాకాలాలు గడిచాక కింది మూల గడపకి రాసుకోవడం మొదలవుతుంది. కన్నాన్ని పట్టీ పైన, పలకలోనే పెట్టండి. ఎత్తు ఎక్కువైన మేరకు రెండువైపులా మెట్టు వేయండి. మెట్టు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, పట్టీని మళ్ళీ అతికించలేం.

మూడోది, రెక్క బయటి చట్రాన్ని తలుపుమీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీసి, ఆ గీత మీదే కోసినవాళ్ళ సంగతి. కన్నం ఎప్పుడూ చట్రం కంటే చిన్నది. కన్నం అంచుని కప్పడానికే చట్రం అంచు వెడల్పుగా ఉంటుంది. పెట్టెలో వచ్చిన కాగితపు నమూనా ప్రకారమే గీయాలి. నమూనాని కంప్యూటర్‌లోంచి ప్రింట్ తీసుకున్నవాళ్ళు దానిమీది ఒక కొలతని స్కేలుతో సరిచూడండి. ప్రింటర్ కాగితానికి సరిపోయేలా కుదించేసి ఉండొచ్చు. కన్నం ఇప్పటికే పెద్దదైపోతే తలుపు పాడయినట్టు కాదు. కన్నం కంటే నాలుగు పక్కలా 5 సెంటీమీటర్లు పెద్దగా రెండు ప్లైవుడ్ పలకలు తీసుకోండి, లోపల ఒకటి, బయట ఒకటి. వాటిలో సరైన కొలతకి కన్నం కోసి, మధ్యలోని ఖాళీని చెక్కముక్కలతో నింపి, జిగురూ స్క్రూలూ పెట్టి తలుపుకి బిగించండి. ఇప్పుడు తలుపు మందం పెరిగింది కాబట్టి పొడుగు స్క్రూలు కావాలి.

గాజు తలుపులో కన్నం కోయొచ్చా అని అడిగినవాళ్ళకి: టఫెన్డ్ గ్లాసుని, అంటే గట్టిపరచిన గాజుని, తయారయ్యాక కోయలేం, ముక్కలైపోతుంది. కన్నంతోనే కొత్తది చేయించుకోవాలి. రెండు పొరల గాజు కూడా అంతే. ఇక మంటల్ని ఆపడానికి పెట్టిన తలుపుని ఏ పరిస్థితిలోనూ కోయకండి.

ఇప్పుడు కోత. తలుపు ఊడదీయడం, బల్లమీద కదలకుండా పట్టించడం వివరించను.

నాలుగు మూలల్లో, గీతకి లోపలివైపు, జిగ్‌సా బ్లేడు దూరేంత కన్నాలు డ్రిల్‌తో వేయండి. 10 మిల్లీమీటర్ల బిట్ చాలు. మామూలు జిగ్‌సా బ్లేడు పైకి లేచేటప్పుడు కోస్తుంది, అందుకే పైముఖం మీద పెచ్చులు లేస్తాయి. మీకు అందంగా కనబడాల్సిన వైపుని కిందికి ఉంచండి. గీత మీద మాస్కింగ్ టేపు అంటించి టేపు మీద కోయండి. నాకైతే టేపు ఒక్కటే చాలదు. పదునైన కత్తితో గీత వెంబడి ముందు లోతుగా గాటు పెడతాను. ఫ్లష్ డోర్, అంటే రెండువైపులా పొర అంటించిన నున్నటి తలుపు, దాని పైపొర పలచగా ఉంటుంది, గాటు ఉంటే పెచ్చు అక్కడితో ఆగిపోతుంది.

కోశాక ఫ్లష్ డోర్ లోపల బోలుగా కనిపిస్తే, ఆ ఖాళీలో చుట్టూ చెక్కపట్టీలు జిగురుతో అమర్చి ఒక రాత్రి ఆరనివ్వండి. ఘనమైన చెక్క అయితే ఈ పని లేదు. రెండింటికీ తప్పనిది, కోసిన అంచుకి రెండు పూతలు పెయింట్ గానీ వార్నిష్ గానీ వేయడం. చట్రం కప్పేస్తుందిలే అని వదిలేస్తే పచ్చి అంచు తేమ పీల్చి ఉబ్బుతుంది. ఉబ్బిన అంచు చట్రాన్ని నొక్కుతుంది.

చట్రం నొక్కుకుపోవడం గురించే ఇక మిగతా పాఠమంతా. రెక్క ఆడటం లేదు, కంపెనీవాళ్ళు నాసిరకం వస్తువు ఇచ్చారు అనే మాట ఎక్కడ విన్నా, వెళ్ళి చూస్తే నూటికి తొంభై స్క్రూలు అతిగా బిగించి ఉంటాయి. నాకు దీనిమీద చాలా కోపం. ప్లాస్టిక్ చట్రానికీ రెక్కకీ మధ్య రెండు పక్కలా ఉండేది కొద్ది మిల్లీమీటర్లే. పవర్ డ్రైవర్‌తో నాలుగు స్క్రూలనీ బర్రుమని దించేస్తే చట్రం లోపలికి వంగి ఆ సందు మూసుకుపోతుంది. రెక్క అంచు చట్రానికి రాసుకుంటుంది. రెక్కని మూసి పట్టుకోవడానికి కింద ఉండే అయస్కాంతం ఎదురుగా రాదు. రెక్క ఓ వేలెడంత తెరుచుకునే ఉండిపోతుంది, చలిగాలీ వానజల్లూ లోపలికి వస్తాయి. దాన్ని మూయడానికి ఇంకా బిగిస్తారు. బోలు తలుపులోనైతే పైపొరే లోపలికి నలిగిపోతుంది.

కాబట్టి స్క్రూల దగ్గర డ్రైవర్ పక్కన పెట్టి చేతి స్క్రూడ్రైవర్ పట్టుకోండి. నాలుగూ వేళ్ళతో తిరిగినంతవరకు తిప్పండి. రసమట్టం పెట్టి చట్రం అడ్డంగా సరిగ్గా ఉందో చూడండి. చట్రం లోపలి రెండు కర్ణాలూ, అంటే ఎదురెదురు మూలల మధ్య దూరాలు, కొలవండి, రెండూ సమానంగా రావాలి. తర్వాత ఎదురెదురు మూలలు తీసుకుంటూ ఒక్కోదాన్ని పావు చుట్టు తిప్పండి. ప్రతి చుట్టు తర్వాత రెక్కని ఒక్క వేలితో నెట్టి వదలండి. అది రెండువైపులా ఊగి, తనంతట తాను మధ్యకి వచ్చి ఆగాలి. చట్రం తలుపుకి ఆనింది, చేత్తో కదిపితే కదలడం లేదు అనిపించాక ఇంక ఒక్క పావు చుట్టు కూడా వద్దు. చట్రానికీ తలుపుకీ మధ్య సన్నటి సందు మిగిలితే దాన్ని స్క్రూతో కాదు, బయటివైపు సిలికాన్‌తో మూయాలి. పైనా పక్కలా పూయండి, కింద వదిలేయండి. లోపలికి చేరిన నీళ్ళు పోవడానికి ఆ దారి ఉండాలి.

పిల్లి చర్మం కింద పెట్టించిన చిప్‌ని చదివి తెరుచుకునే రకం కొన్నవాళ్ళు బిగించకముందే బ్యాటరీలు వేసి పిల్లిని నమోదు చేయండి. ఈ చిప్‌లు ఎక్కువగా 134.2 కిలోహెర్ట్జ్ మీద పనిచేస్తాయి, చుట్టూ ఇనుము ఉంటే చదవడం తడబడుతుంది. ఇనుప తలుపైతే కంపెనీ చెప్పిన అడాప్టర్ చట్రం తప్పనిసరి. ఇంకొక్క మాట, కన్నంలోంచి మనిషి చెయ్యి దూర్చితే తలుపు గడియ అందుతుందేమో మీరే బయట కూర్చుని చూడండి. అందితే గడియ పైకి మార్చండి.

అభ్యాసం: తలుపు మందమే ఉన్న పనికిరాని చెక్కముక్క మీద మొత్తం పని చేయండి. గీత, కోత, పూత, బిగింపు, రెక్క పరీక్ష. తర్వాత స్క్రూలన్నీ విప్పి మళ్ళీ బిగించండి. రెక్క రెండుసార్లు వరసగా ఒక్క వేలికి ఆడేదాకా అసలు తలుపు జోలికి వెళ్ళకండి. ఈలోగా అదే ఎత్తులో అట్టముక్కలో కన్నం చేసి, తలుపు తెరిచి ఆ సందులో నిలబెట్టి, పిల్లి రెండువైపుల నుంచీ వంగకుండా, దూకకుండా దాటుతోందో లేదో కొన్ని రోజులు గమనించండి. దూకుతుంటే గీత పక్కన మెట్టు ఎత్తు రాసుకోండి.

వచ్చే పాఠం గోడలో కన్నం. గోడ మందం, ఆ చోట గోడలో పోయే కరెంటు వైర్లు, నీళ్ళ పైపులు ఎక్కడున్నాయో కనుక్కుని ఉంచండి.