థర్మోస్టాట్ బిగించే ముందు వేడినీటి పరీక్ష

కారు ఇంజిన్ వేడిని బట్టి కూలెంట్ (ఇంజిన్ను చల్లబరిచే ద్రవం) ప్రవాహాన్ని తెరిచి మూసే థర్మోస్టాట్‌ను ఇంట్లో మార్చదలచినవారు కొత్తదాన్ని బిగించే ముందే వేడినీటిలో పరీక్షించడం మంచిది. దాన్ని గిన్నె అడుగుకు తగలకుండా దారంతో నీటిలో వేలాడదీసి, పక్కన థర్మామీటర్ ఉంచి నెమ్మదిగా కాచితే, దానిపై ముద్రించిన ఉష్ణోగ్రత, అంటే చాలా వాటిలో 82 లేదా 88 డిగ్రీల సెల్సియస్, దగ్గర పడగానే వాల్వ్ కదలడం మొదలై, నీరు మరిగే వేళకు బాగా తెరుచుకోవాలి. కదలకపోతే కొత్తదైనా సరే, వెనక్కి ఇచ్చేయండి. ఈ కాస్త శ్రమ మళ్లీ అన్నీ విప్పే పనిని తప్పిస్తుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీయాలి, లేకుంటే ఒత్తిడిలో ఉన్న కూలెంట్ చిమ్మి ఒళ్లు కాలుతుంది. పాత గాస్కెట్ (అతుకు దగ్గర లీకు కాకుండా ఉంచే పట్టీ) ముక్కలను లోహంపై గీతలు పడకుండా తొలగించి, సాధారణంగా స్ప్రింగ్ ఇంజిన్ వైపుకు, చిన్న గాలిరంధ్రం ఉంటే అది పైకి వచ్చేలా అమర్చండి. తర్వాత తయారీదారు సూచించిన కూలెంట్ నింపి, హీటర్‌ను పూర్తి వేడిలో ఉంచి ఇంజిన్ నడుపుతూ, మాన్యువల్‌లో చెప్పినట్లు లోపల చిక్కిన గాలిని బయటికి పంపాలి. తీసిన పాత కూలెంట్‌ను మూత ఉన్న డబ్బాలోనే ఉంచండి. దాని తీపికి జంతువులు నాకుతాయి, అందులోని ఇథిలీన్ గ్లైకాల్ వాటికి ప్రాణాంతకం.