వైద్యుడిపై మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు: ముందు కేస్ షీట్ తీసుకోండి

నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా ఆసుపత్రిలో అనుకోని మరణం జరిగితే గేటు ముందు ఆందోళన, పొద్దుగూకేలోగా పెద్దమనుషుల రాజీ, అందులో మధ్యవర్తికి కొంత వాటా అన్నది చాలామంది చూసిన తంతే. రాజీకి ఒప్పుకోక వైద్యుడి రిజిస్ట్రేషన్ మీదే చర్య కోరదలచినవారు మాత్రం చేతిలో బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ తప్ప మరేమీ లేక మధ్యలోనే ఆగిపోతున్నారు.

ఫిర్యాదు రాష్ట్రంలో వైద్యులను నమోదు చేసే, విజయవాడలోని ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌కు పంపాలి. రాయడానికి వకీలు తప్పనిసరి కాదు. జరిగినదంతా తేదీల వారీగా రాసి, వైద్యుడి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు చేర్చాలి. ఆ నంబరు మందుల చీటీ మీద, రశీదు మీద ఉండి తీరాలన్నది నిబంధన. కౌన్సిల్ అధికారం వైద్యుడి మీదే గాని ఆసుపత్రి మీద కాదు కనుక ఆసుపత్రి లోపాలను జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి రాయాలి. దంతవైద్యులకు, నర్సులకు వారి వారి కౌన్సిళ్లు వేరుగా ఉన్నాయి. మన పల్లెల్లో ఆర్‌ఎంపీ అని పిలిచే వ్యక్తి పేరు కౌన్సిల్ రిజిస్టరులోనే ఉండదు కాబట్టి, అతని మీద ఫిర్యాదు కూడా జిల్లా వైద్య ఆరోగ్యాధికారికో పోలీసులకో ఇవ్వాలి. చెన్నైలో వైద్యం చేయించుకున్నవారు అక్కడి వైద్యుడు ఏ రాష్ట్రంలో నమోదయ్యారో ముందు చూసుకుని, ఆ రాష్ట్ర కౌన్సిల్‌కు పంపాలి.

అసలు చిక్కు కేస్ షీట్ దగ్గర వస్తుంది. డిశ్చార్జి సమ్మరీ ఆసుపత్రి చివర్లో తన మాటల్లో రాసి ఇచ్చే కాగితం. ఏ గంటకు ఎవరు చూశారు, ఏ మందు ఎంత ఇచ్చారు, నర్సు చార్టులో బీపీ ఎప్పుడు పడిపోయినట్టు రాశారు, ఆపరేషన్‌కు ముందు సంతకం ఎవరిచేత పెట్టించారు అన్నవి కేస్ షీట్‌లోనే దొరుకుతాయి. 2002 నాటి వైద్య వృత్తి ప్రవర్తనా నిబంధనల ప్రకారం, ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డులను చికిత్స మొదలైన రోజు నుంచి 3 సంవత్సరాలు భద్రపరచాలి. రోగి గాని, అధికారం పొందిన సహాయకుడు గాని అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇవ్వకపోవడం కూడా ఆ నిబంధనల్లో దుష్ప్రవర్తనగానే లెక్క. బిల్లు బాకీ ఉందనో, ఆరోగ్యశ్రీలో (ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవలో) ఉచితంగా చేశామనో నిరాకరించడానికి అందులో మినహాయింపేమీ లేదు.

అయితే నోటిమాటగా అడిగి "రేపు రండి" అనిపించుకుంటే ఆ 72 గంటలకు ఆధారం ఉండదు. రాతపూర్వకంగా అడిగి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. తీసుకోము అంటే వాదన పెట్టుకోకుండా అదే కాగితాన్ని అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి. రోగి జీవించి ఉంటే ఆయన సంతకంతో అధికార పత్రం, మరణించి ఉంటే మరణ ధ్రువపత్రంతో పాటు బంధుత్వం చూపే పత్రం జతచేయాలి. ఈ పత్రాలు లేవన్న సాకుతోనే తిప్పి పంపడం సులువవుతుంది. ప్రభుత్వ ఆసుపత్రి అయితే సమాచార హక్కు చట్టం కింద కూడా అడగవచ్చు, దానికి గడువు 30 రోజులు. గడువు దాటినా ఇవ్వకపోతే ఫిర్యాదు మానుకోనక్కరలేదు. అడిగిన కాగితం నకలు జతచేసి, రికార్డు ఇవ్వలేదన్న విషయాన్నే మరో ఆరోపణగా చేర్చండి.

ఫిర్యాదు అందాక కౌన్సిల్ వైద్యుడి వివరణ కోరి, ఇరుపక్షాలనూ వింటుంది. 6 నెలల్లో తేల్చాలని నిబంధన ఉంది గాని, అంతలోనే తేలుతుందన్న ధీమాతో కూర్చోవడం మంచిది కాదు. తప్పు రుజువైతే హెచ్చరించవచ్చు, కొంతకాలం లేదా శాశ్వతంగా రిజిస్టరు నుంచి పేరు తొలగించవచ్చు. పరిహారం మాత్రం కౌన్సిల్ ఇప్పించదు. ఇప్పిస్తామని డబ్బు అడిగేవారిని అక్కడికక్కడే పంపేయండి. పరిహారానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయాలి. దానికి 2 సంవత్సరాల గడువు ఉంది, కౌన్సిల్‌లో విచారణ నడుస్తోందని ఆ గడువు ఆగదు. కనుక కేస్ షీట్ చేతికి రాగానే రెండు జతల నకళ్లు తీయించి, ఒకటి కౌన్సిల్‌కు, ఒకటి కమిషన్‌కు పెట్టుకోండి.