రైటర్స్ క్రాంప్ ఉన్నవారి రాతను పరీక్షించే పద్ధతి

దస్తావేజులు రాసే చిత్తూరు లేఖరికి రైటర్స్ క్రాంప్ వస్తే, కలం పట్టగానే వేళ్లు బిగుసుకుని మణికట్టు వంకరపోతుంది గాని, అదే చేత్తో అన్నం కలుపుకోవడానికి, గుండీలు పెట్టుకోవడానికి ఏ ఇబ్బందీ ఉండకపోవచ్చు. ఇది రాసే పనికి పరిమితమైన డిస్టోనియా, అంటే కండరాలు మన ప్రమేయం లేకుండా బిగుసుకుని మెలిపడే జబ్బు.

రాత చదవడానికి వస్తోందా అని రాసినవారినే అడిగి తృప్తిపడకూడదు. ఇంటివారి కళ్లు కూడా ఆ రాతకు అలవాటుపడి ఉంటాయి. రాసినవారినీ విషయాన్నీ ఎరుగని ఇద్దరి చేత విడివిడిగా చదివించాలి. రామకోటి పుస్తకంలోని పేజీ ఇందుకు పనికిరాదు, ఎందుకంటే ఒకే మాట వరుసగా ఉన్నచోట చదివేవారు అక్షరాలను చూడకుండానే ఊహించేస్తారు. హద్దులు, సర్వే నంబర్లు వచ్చే దస్తావేజు వాక్యాలకూ అదే లోపం ఉంది. అందువల్ల గుణింతాలు, ఒత్తులు బాగా ఉండి ఒకదానితో ఒకటి సంబంధం లేని 100 మాటలను, రోగి రోజూ వాడే కలంతో, అలవాటైన బల్ల మీద, చెబుతుండగా రాయించాలి. 100లో ఎన్ని మాటలను తడుముకోకుండా సరిగా చదివారో లెక్కించాలి.

ఆ అంకె ఒక్కటే చాలదు. తెలుగు రాత ఎక్కడ చెడుతోందో కూడా గుర్తించాలి: మ, య ఒకేలా కనబడుతున్నాయా, ప, వ, ష కలిసిపోతున్నాయా, ద కింద గీత పడక ధ పోల్చుకోలేకపోతున్నామా, గుడికీ గుడిదీర్ఘానికీ తేడా మిగిలిందా, ఒత్తులు కింది వరుసలోకి జారుతున్నాయా అన్నది ఒక్కొక్కటిగా చూడాలి. మొదటి పది మాటలనూ చివరి పది మాటలనూ పక్కపక్కన పెడితే అలసట వల్ల వచ్చిన మార్పు తెలుస్తుంది. రానురాను అక్షరాలు చిన్నవైపోతూ ఉంటే పార్కిన్సన్స్ వ్యాధి సంగతి కూడా వైద్యుడు ఆలోచించాలి.

చక్కగా చదవగలిగిన పేజీ వెనుక ఎంతో బాధ ఉండవచ్చు, దాన్ని చూడకుండా మార్కులు వేయడం అన్యాయమని నా అభిప్రాయం. పట్టిన సమయాన్ని, నొప్పిని, కాగితం వెనుక పడిన నొక్కుళ్లను నమోదు చేయాలి. రాస్తున్న చేతిని వీడియో తీయాలి. ఎడమచేత్తో రాయించినప్పుడు కుడిచేతి వేళ్లు వాటంతటవే వంకరపోతే అదీ రాసుకోవాలి.

ఈ కాగితాలనూ వీడియోనూ తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి వంటి చోట న్యూరాలజీ వైద్యుడికి చూపించవచ్చు. బిగుసుకునే కండరాలను సడలించే బొటులినమ్ టాక్సిన్ ఇంజెక్షన్ ఇస్తే, ముందొకసారి, సుమారు నాలుగు వారాల తరువాత మరొకసారి, అదే కలంతో, అంతే కష్టమైన వేరే మాటలతో పరీక్షించాలి. మందు వల్ల వేళ్లు మరీ బలహీనపడినా రాత చెడుతుంది కనుక పట్టు ఎలా ఉందో కూడా అడగాలి.