బ్రోకేడ్ శాన్ స్విచ్‌లో కొత్త సర్వర్‌కు జోన్ ఇవ్వడం: కమాండ్ లైన్ పద్ధతి

శాన్ అంటే సర్వర్లను స్టోరేజ్‌తో కలిపే ప్రత్యేక నెట్‌వర్క్, జోనింగ్ అంటే అందులో ఏ పోర్ట్ ఏ పోర్ట్‌తో మాట్లాడవచ్చో రాసిపెట్టడం. ఈ పనిలో మనం కొట్టే కమాండ్లలో చాలావరకు నడుస్తున్న వ్యవస్థను కదిలించవు. ఒక్క సీఎఫ్‌జీఎనేబుల్ మాత్రం అలా కాదు. ఏ సర్వర్‌కు ఏ డిస్కులు కనబడాలో ఫ్యాబ్రిక్ (ఒకదానితో ఒకటి కలిపిన స్విచ్‌ల సమూహం) మొత్తానికి అదే తేల్చేస్తుంది. కాబట్టి ఆ లైన్ దగ్గరికి వెళ్లేసరికి ఏం అమలవబోతోందో అక్షరం అక్షరం తెలిసి ఉండాలి.

ఇక్కడ చెప్పేది బ్రోకేడ్ ఫైబర్ ఛానల్ స్విచ్‌ల గురించి. ఐబీఎం, హెచ్‌పీఈ, డెల్ తమ పేరు వేసి అమ్మిన బ్రోకేడ్ స్విచ్‌లలోనూ ఇవే కమాండ్లు. అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి. మామూలు అమరికే తీసుకుందాం: ఒకదానితో ఒకటి కలపని ఎ, బి అనే రెండు ఫ్యాబ్రిక్‌లు, సర్వర్‌లో రెండు హెచ్‌బీఏ (ఫైబర్ ఛానల్ కార్డు) పోర్టులు, స్టోరేజ్ నుంచి రెండువైపులా కేబుళ్లు. పని ముందు ఎ వైపు పూర్తిచేయాలి. సర్వర్‌లో ఆ దారి కనబడ్డాకే బి వైపు వెళ్లాలి. రెండూ ఒకే గంటలో ముగించేయాలన్న తొందర వద్దు. ఒకవైపు పొరపాటు జరిగినా రెండోవైపు దారి ఉంటే సర్వర్లు బతికే ఉంటాయి.

పుట్టీలో సెషన్ లాగ్ ఆన్ చేసి, అడ్మిన్‌గా ఎస్‌ఎస్‌హెచ్‌లో లాగిన్ అయి, ముందుగా స్విచ్‌షో కొట్టండి. కేబుల్ పెట్టిన పోర్ట్ ఎదురుగా ఆన్‌లైన్, ఎఫ్-పోర్ట్ అని, పక్కన పదహారు అంకెల డబ్ల్యూడబ్ల్యూపీఎన్ (అవతలి పోర్ట్ గుర్తింపు నంబర్) కనబడాలి. నో_లైట్ అని ఉంటే అవతల సర్వర్ ఆగి ఉండాలి, లేదా కేబుల్‌లోని రెండు పోగులు తిరగబడి ఉండాలి. ఎల్‌సీ క్లిప్ తీసి పోగులు మార్చి చూడండి. మాడ్_ఇన్వ్ అంటే ఆ ఎస్‌ఎఫ్‌పీని (పోర్ట్‌లో పెట్టే ఆప్టికల్ మాడ్యూల్‌ని) స్విచ్ ఒప్పుకోలేదు. నో_సింక్ అయితే వెలుతురు వస్తోంది గానీ వేగం కుదరలేదు. 32 జీ ఎస్‌ఎఫ్‌పీ 32, 16, 8 గిగాబిట్ వేగాల్లోనే మాట్లాడుతుంది. పాత 4 జీ హెచ్‌బీఏని దానికి తగిలిస్తే ఎంతసేపు చూసినా లింక్ రాదు, దానికి 16 జీ ఎస్‌ఎఫ్‌పీ వేయాల్సిందే.

డబ్ల్యూడబ్ల్యూపీఎన్‌ని ఎక్సెల్ షీట్ నుంచి కాపీ చేయకండి. స్విచ్‌షోలో కనబడిన దాన్నే తీసుకుని, సర్వర్ అడ్మిన్ ఇచ్చిన దానితో సరిపోల్చండి. నోడ్ నంబర్ (కార్డుది), పోర్ట్ నంబర్ (అంటే డబ్ల్యూడబ్ల్యూపీఎన్) చూడ్డానికి కవలల్లా ఉంటాయి. జోన్‌లో నోడ్ నంబర్ పెడితే స్విచ్ తప్పు పట్టదు, కానీ రెండు పోర్టుల హెచ్‌బీఏలో రెండు పోర్టులూ అదే నోడ్ నంబర్ చూపిస్తే మీరు కోరని పోర్ట్ కూడా ఆ జోన్‌లోకి వచ్చేస్తుంది. బ్లేడ్ సర్వర్లు, ఎన్‌పీఐవీ వాడే యంత్రాలైతే ఒకే పోర్ట్ వెనుక చాలా నంబర్లుంటాయి. వాటిని పోర్ట్‌షో స్విచ్‌లోని ఆ పోర్ట్ సంఖ్యతో కొడితే చూపిస్తుంది.

మార్పు మొదలుపెట్టే ముందు కాన్ఫిగ్‌అప్‌లోడ్‌తో స్విచ్ కాన్ఫిగరేషన్‌ని వేరే సర్వర్‌కు పంపించి ఉంచండి. తర్వాత సీఎఫ్‌జీషో. దాని అవుట్‌పుట్‌లో రెండు భాగాలుంటాయి. డిఫైన్డ్ అంటే రాసిపెట్టుకున్నది, ఎఫెక్టివ్ అంటే ఇప్పుడు నడుస్తున్నది. ఈ రెండూ ఒకటేనని అనుకోవడం ప్రమాదం. ఎవరో పోయిన వారం ఒక జోన్ తీసేసి, సేవ్ మాత్రం చేసి, ఎనేబుల్ చేయకుండా వదిలేశారనుకోండి. డిఫైన్డ్‌లో ఆ జోన్ లేదు, ఎఫెక్టివ్‌లో ఉంది. ఇప్పుడు మీరు మీ కొత్త జోన్ కోసం ఎనేబుల్ చేస్తే వారి సగం పని కూడా అమలైపోతుంది, ఆ జోన్‌లోని సర్వర్‌కు డిస్కులు పోతాయి. రెండు భాగాల్లోని జోన్ పేర్లూ పక్కపక్కన పెట్టి, తేడా ఉంటే కారణం తేలేదాకా ముందుకు వెళ్లకండి. పేర్లు సరిపోతే సభ్యులనూ చూడాలి: ఎఫెక్టివ్‌లో ఎలియాస్ (నంబర్‌కు పెట్టుకున్న మారుపేరు) పేర్లుండవు, నంబర్లే ఉంటాయి.

ఎఫెక్టివ్ కాన్ఫిగ్ పేరు కూడా అక్కడే రాసుకోండి. పెద్ద, చిన్న అక్షరాల తేడా లెక్కలోకి వస్తుంది. ఉదాహరణకు పేరు ప్రొడ్_ఎ అనుకుందాం. ఇక కమాండ్లు:

ఎలిక్రియేట్ "డీబీ01_హెచ్0", "21:00:00:24:11:22:33:44"

జోన్‌క్రియేట్ "డీబీ01_హెచ్0_స్టోర్1", "డీబీ01_హెచ్0; స్టోర్1_పీ0"

సీఎఫ్‌జీయాడ్ "ప్రొడ్_ఎ", "డీబీ01_హెచ్0_స్టోర్1"

స్టోర్1_పీ0 అనేది స్టోరేజ్ పోర్ట్‌కు ముందే ఉన్న ఎలియాస్. సభ్యుల మధ్య సెమీకోలన్, పేర్లలో అండర్‌స్కోర్. ఒక జోన్‌లో ఒకే ఒక్క హెచ్‌బీఏ పోర్ట్ ఉండాలి. స్టోరేజ్ పోర్టులు ఒకటికి మించి ఉన్నా పర్వాలేదు. రెండు సర్వర్లను ఒకే జోన్‌లో వేస్తే ఒకటి రీబూట్ అయినప్పుడల్లా రెండోదానికి ఆర్‌ఎస్‌సీఎన్ (ఫ్యాబ్రిక్‌లో మార్పు జరిగిందన్న) కబురు వెళ్తుంది. కొన్ని డ్రైవర్లు దానికి ఊరికే వెతుకులాట మొదలుపెడతాయి.

మూడో లైన్‌లో సీఎఫ్‌జీయాడ్ బదులు సీఎఫ్‌జీక్రియేట్ కొట్టడం కొత్తవాళ్లు చేసే అతి ఖరీదైన తప్పు. అప్పుడు ఒకే జోన్ ఉన్న కొత్త కాన్ఫిగ్ పుడుతుంది. దాన్ని ఎనేబుల్ చేశారా, ఆ ఒక్క సర్వర్ తప్ప ఫ్యాబ్రిక్‌లో మిగతావన్నీ స్టోరేజ్‌కి దూరమవుతాయి.

ఇప్పటిదాకా చేసిందంతా స్విచ్ తాత్కాలిక బఫర్‌లోనే ఉంది. సీఎఫ్‌జీట్రాన్స్‌షో కొడితే లావాదేవీ తెరిచి ఉందని చెబుతుంది. ఏదైనా తేడాగా అనిపిస్తే సీఎఫ్‌జీట్రాన్స్‌అబార్ట్ కొడితే చాలు, ఏమీ జరగనట్టే. ఇదే సమయంలో ఇంకో స్విచ్ నుంచి మరొకరు జోనింగ్ చేస్తుంటే, ముందు ఎవరు సేవ్ చేస్తే వారిది నిలుస్తుంది, రెండోవారిది కొట్టుకుపోతుంది. ఎవరు ఎప్పుడు చేస్తారో ముందే మాట్లాడుకోండి.

సీఎఫ్‌జీసేవ్ కొట్టగానే డిఫైన్డ్‌కీ ఎఫెక్టివ్‌కీ పొంతన లేకుండా పోతుందన్న హెచ్చరిక రావచ్చు. నడుస్తున్న కాన్ఫిగ్‌కే జోన్ కలిపాం కాబట్టి అది సహజం. కానీ అక్కడ ఆగి ఇంటికి వెళ్తే పైన చెప్పిన సగం పని మీదే అవుతుంది. వెంటనే:

సీఎఫ్‌జీఎనేబుల్ "ప్రొడ్_ఎ"

పాత కాన్ఫిగ్ స్థానంలో ఇది వస్తుందని చెప్పి అవునా కాదా అని అడుగుతుంది. ఏమీ రాయకుండా ఎంటర్ నొక్కితే కాదనే అర్థం, అవునంటే వై అని కొట్టాలి. వై కొట్టే ముందు ఆ ప్రశ్నలో కనబడుతున్న కాన్ఫిగ్ పేరును మీరు రాసుకున్న పేరుతో ఇంకోసారి చూడండి. ఎప్పుడో బ్యాకప్ కోసం చేసిన పాత కాన్ఫిగ్ అదే స్విచ్‌లో ఉండటం మామూలే. దాన్ని పొరపాటున ఎనేబుల్ చేస్తే ఆ తర్వాత కలిపిన జోన్లన్నీ ఆగిపోతాయి.

ఆ తర్వాత నోడ్‌ఫైండ్ "డీబీ01_హెచ్0" కొట్టి ఆ ఎలియాస్ వెనుక పరికరం దొరుకుతోందో లేదో చూడండి. దొరక్కపోతే నంబర్‌లో తప్పుంది, లేదా లింక్ పడిపోయింది. స్విచ్ వైపు అంతా సరిగ్గా ఉన్నా సర్వర్‌లో డిస్కు కనబడకపోతే స్టోరేజ్‌లో లన్ మాస్కింగ్ (ఏ డిస్కు ఏ సర్వర్‌కు చూపాలో స్టోరేజ్‌లో పెట్టే అమరిక) చూడాలి, అది వేరే పని. లినక్స్‌లో మళ్లీ స్కాన్ చేయించి మల్టీపాత్ (ఒకే డిస్కుకు ఉన్న పలు దారులను చూసుకునే సాఫ్ట్‌వేర్) అవుట్‌పుట్‌లో కొత్త దారులు యాక్టివ్ అయ్యాయని తేలాక బి ఫ్యాబ్రిక్‌లో ఇదే వరుస, రెండో హెచ్‌బీఏ నంబర్‌తో.

వెనక్కి తీయాల్సి వస్తే సీఎఫ్‌జీరిమూవ్‌తో ఆ జోన్‌ని కాన్ఫిగ్ నుంచి తప్పించి మళ్లీ ఎనేబుల్ చేయండి. మొత్తం బ్యాకప్‌ని స్విచ్‌లోకి ఎక్కించడం చివరి మాటగానే ఉంచుకోండి, దానికి సాధారణంగా స్విచ్‌ని డిసేబుల్ చేయాలి.

సర్వర్ మీద లోడ్ పడ్డాక ఇంకొక్క పని. పోర్ట్ఎర్‌షోలో అంకెలు చివరిసారి తుడిచినప్పటి నుంచి పోగైనవి, అందుకని ముందు స్టాట్స్‌క్లియర్ కొట్టి, గంట తర్వాత చూడండి. సీఆర్‌సీ అంటే దారిలో చెడిన ఫ్రేమ్‌ల లెక్క. సీఆర్‌సీ జీ_ఈఓఎఫ్ గడి పెరుగుతుంటే దెబ్బ ఆ పోర్ట్‌కి వచ్చే లింక్‌లోనే ఉంది. మామూలు సీఆర్‌సీ మాత్రమే పెరిగితే ఫ్రేమ్ ఇక్కడికి రాకముందే చెడింది, వెనక్కి వెళ్లి వెతకాలి. డిస్క్ సీ3 (పారేసిన ఫ్రేమ్‌ల లెక్క, డిస్కులతో సంబంధం లేదు) పెరుగుతుంటే ఏదో ఒక పరికరం ఫ్రేమ్‌లను నెమ్మదిగా తీసుకుంటోందని ముందుగా అనుమానించండి. లింక్ మీద అనుమానం వస్తే ఎస్‌ఎఫ్‌పీషోలో ఆర్ఎక్స్ పవర్ (వచ్చే వెలుతురు బలం) చూసి, కనెక్టర్ తుడిచి, కేబుల్ మార్చి, చివరికి ఎస్‌ఎఫ్‌పీ మార్చండి. కేబుల్ పొడవూ కొలవండి: 32 జీలో ఓఎం3 (ఒక రకం ఆప్టికల్ ఫైబర్) కేబుల్ 70 మీటర్లకే పరిమితం, ఓఎం4 అయితే 100. 8 జీలో 150 మీటర్ల ఓఎం3 మీద ఏళ్లుగా నడిచిన దారి, కొత్త స్విచ్‌కి మార్చగానే తప్పులు విసరడానికి కారణం చాలాసార్లు ఇదే.