స్లాగ్ సిమెంట్‌తో స్లాబ్ వేస్తున్నారా? 14 రోజులు నీళ్లు ఆపకండి

బీచ్ వైపు ఓ పాత అపార్ట్‌మెంట్‌లో బాల్కనీ పెచ్చు ఊడి కింద ఉన్న స్కూటర్ మీద పడింది. అదృష్టం బాగుండి ఆ టైమ్‌లో అక్కడ మనిషి లేడు. లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బితే జరిగేది ఇదే. వానలు రాకముందే స్లాబ్ వేసేయాలని ఇప్పుడు విశాఖలో చాలామంది తొందరపడుతున్నారు. మంచి ఇసుక, మంచి ఇనుము సంగతి మీకు అందరూ చెప్తారు, వదిలేస్తున్నాను.

సిమెంట్

ఉప్పుగాలి తగిలే చోట స్లాగ్ సిమెంట్ వాడటం మంచి నిర్ణయం. స్టీల్ ప్లాంట్ బ్లాస్ట్ ఫర్నేస్‌లలో మిగిలే స్లాగ్ ఇందులో 25 నుంచి 70 శాతం దాకా ఉండొచ్చని ఈ సిమెంట్‌కి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 455 చెప్తుంది. ఆ మేరకు సిమెంట్‌కి మూలమైన క్లింకర్ గడ్డలు కాల్చే పని, దాంతో వచ్చే కార్బన్ డయాక్సైడ్ తగ్గుతాయి. సరిగ్గా తడిపితే ఉప్పు కూడా లోపలికి అంత తేలిగ్గా దిగదు. ఫ్లైయాష్ (థర్మల్ ప్లాంట్లలో బొగ్గు కాలాక మిగిలే బూడిద) కలిసిన పీపీసీ సిమెంట్ కూడా ఇదే కోవలోది.

అయితే ఇవి నిదానంగా గట్టిపడతాయి. ముందు సిమెంట్ నీళ్లతో కలిసి సున్నం పుట్టాలి, ఆ తర్వాతే స్లాగ్ తన పని బాగా అందుకుంటుంది. ఈలోపు తడి ఆరిపోతే ఆ పని సగంలోనే ఆగిపోతుంది. ముందుగా ఆరేది పైపొర. ఇనుముకి ఉప్పు తగలకుండా కాపాడాల్సిందీ ఆ పైపొరే.

నీళ్లు

నేను చూసినంతలో ఇళ్లను ముంచిన తప్పు ఇదొక్కటే: నాలుగైదు రోజులకే క్యూరింగ్, అంటే కాంక్రీటును తడిపి ఉంచడం, ఆపేయడం. "సముద్రం పక్కనే కదండీ, గాలిలో తేమ ఉంటుంది, చాలు" అంటారు మేస్త్రులు. చాలదు. మే నెల ఎండకి ఆ గాలి తోడై స్లాబ్‌లోని తడిని లాగేస్తుంది. కాంక్రీటు పనులకి ఉన్న కోడ్ ఐఎస్ 456 మామూలు సిమెంట్‌కి కనీసం 7 రోజులు, స్లాగ్, ఫ్లైయాష్ కలిసినవాటికి 10 రోజులు అంటుంది, వీటికి 14 దాకా పొడిగిస్తే మేలని కూడా చెప్తుంది. మీరు 14 అనే పెట్టుకోండి. క్యూబ్ టెస్ట్ (అదే కాంక్రీటుతో పోసిన దిమ్మ బలాన్ని చూసే పరీక్ష) పాసైందని ధీమా వద్దు. క్యూబ్ 28 రోజులు తొట్టిలో నానింది, మీ పిల్లర్ ఎండలో నిలబడింది.

ఇక ఇవి పాటించండి:

- స్లాబ్ మీద మళ్లు కట్టి నీళ్లు నిలపండి.
- పిల్లర్లకి గోనెసంచులు చుట్టి తడుపుతూ ఉండండి. అందరూ వదిలేసేది పిల్లర్లనే.
- పొద్దున తడిపి మధ్యాహ్నానికి ఎండనిస్తే అది క్యూరింగ్ కాదు.
- తీరం దగ్గర బోరు నీళ్లు టెస్ట్ చేయించకుండా వాడొద్దు. ఇనుము ఉన్న కాంక్రీటులో కలిపే నీళ్లకి క్లోరైడ్ హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు. తడపడానికీ మంచి నీళ్లే.
- రెడీమిక్స్ లారీలో పైపు పెట్టి నీళ్లు కలపనివ్వొద్దు.
- తీరంలో బయట గాలి తగిలే భాగాలకి కనీసం ఎం30 గ్రేడ్ కాంక్రీటు, 45 మిల్లీమీటర్ల కవర్ (ఇనుము మీద ఉండే కాంక్రీటు మందం). ఆ ఎడం కోసం ఇనుము కింద కవర్ బ్లాకులే పెట్టాలి, కంకర రాళ్లు కాదు.
- సెంట్రింగ్ (కాంక్రీటుని మోసే చెక్కలు, పోట్లు) ఎప్పుడు విప్పాలో ఇంజనీర్ చెప్పాలి, మేస్త్రి కాదు. కోడ్‌లోని రోజులు మామూలు సిమెంట్‌కి రాసినవి.
- ఆదివారమైనా, పండగైనా, కూలీలు రాకపోయినా నీళ్లు ఆగకూడదు.
- 14 రోజులు తడిపే మనిషికి కూలి విడిగా మాట్లాడుకోండి. చివరి వాయిదా 14 రోజులూ నిండాకే ఇవ్వండి.