నడికట్టు కింది నుంచి పైకి కట్టండి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు బాలింతకు నూనె రాసి, వావిలాకు (ఒడియాలో బెగునియా) కాచిన నీళ్ళు పోసి నడికట్టు (నడుం చుట్టూ చుట్టే గుడ్డ) కడతారు. బిందెడు నీళ్ళకు 2 గుప్పెళ్ళ ఆకు చాలు. చెయ్యి ఓర్చుకునే వేడికి చల్లారాకే పొయ్యండి.

నువ్వుల నూనె గోరువెచ్చగా, కాళ్ళకు పాదం నుంచి పైకి రాయాలి. పొట్టను మాత్రం ఒత్తొద్దు. ఒక్క పిక్కే వాచి, వేడిగా నొప్పిగా ఉంటే అసలు ముట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. లోపల రక్తం గడ్డకట్టి ఉంటే, పిసికినప్పుడు అది కదిలి ఊపిరితిత్తులకు చేరొచ్చు.

కట్టుకు పాత నూలు చీరను జానెడు వెడల్పుకు మడవండి. బాలింత వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడవాలి. మొదటి చుట్టు తుంటి ఎముకల మీద, తర్వాతివి ఒకదానిపై ఒకటి సగం ఎక్కేలా బొడ్డు పైదాకా. చాలామంది పైన బిగించి కింద వదులుగా వదిలేస్తారు, అదే పెద్ద తప్పు. ఒత్తిడంతా కిందికి దిగి, దగ్గితే మూత్రం జారడం ఎక్కువవుతుంది. కట్టుకూ ఒంటికీ మధ్య రెండు వేళ్ళు సులువుగా దూరాలి. తినేటప్పుడు, పడుకునేటప్పుడు విప్పెయ్యండి. పాపం, బిగిస్తేనే పొట్ట తగ్గుతుందని ఊపిరాడకుండా కట్టకండి. అది నడుముకు ఆసరా మాత్రమే.

ఆపరేషన్ కాన్పయితే కుట్లకు నూనె తగలనివ్వొద్దు, డాక్టరును అడిగాకే కట్టు.